ఒక్కో సీసాలో ఒక్కో హాప్: ఇంట్లో చేసిన రుచి ప్రయోగాల డైరీ

జనవరి 11, శనివారం

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ బీరు గురించి నాకు తెలిసినవి రెండే ప్రశ్నలు. చల్లగా ఉందా? చేదుగా ఉందా? ఆ చేదు ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. సియాటిల్ పక్కకి వచ్చి స్థిరపడ్డాక సంగతి మారింది. ఇక్కడ డబ్బా మీదే సిట్రా, మొజాయిక్, సిమ్కో అని హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే తీగ పువ్వులు) పేర్లు రాసి ఉంటాయి, మన దగ్గర మామిడిపళ్ల బుట్ట మీద బంగినపల్లి, చెరుకురసం అని రాసినట్టు. తాగితే బాగుంటుంది. కానీ ఆ బాగుండటంలో ఏది సిట్రా వాటా, ఏది మొజాయిక్ వాటా? ఒక్కసారీ చెప్పలేకపోయాను.

సాంబారు రుచి చూసి మెంతులు ఎక్కువయ్యాయని చెప్పగలిగేది మెంతి విడిగా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే. నాకు హాప్స్ విషయంలో ఆ విడి రుచి తెలియదు. అందుకే ఈ ప్రాజెక్టు. ఐదు రకాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, వంటింట్లో ఉన్న సామానుతోనే రుచి చూడాలి. పెద్ద గిన్నెలు పెట్టి ఇరవై లీటర్లు కాచి నెల రోజులు ఎదురుచూసే పద్ధతి వద్దు. ఒక్క రకం రుచి తెలుసుకోవడానికి నెల పడితే ఐదు రకాలకి అర్ధ సంవత్సరం పోతుంది.

ఎంచుకున్నవి కాస్కేడ్, సిట్రా, మొజాయిక్, సిమ్కో, ఇంకా చెక్ దేశపు సాజ్. ఒక్కోటి ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల ప్యాకెట్. అన్నీ పెల్లెట్లే. ఎండిన హాప్ పువ్వుని పొడి చేసి నొక్కిన చిన్న ఆకుపచ్చ గుళికలు ఇవి, కోళ్ల దాణాలా ఉంటాయి. కొత్తవాళ్లకి ఒక మాట: అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం తప్పు కాదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. నేను వాడబోయేది అందులో ఆవగింజంత.

రాత్రి మొదటి పరీక్ష చేశాను. నాలుగు పెల్లెట్లు అరచేతిలో వేసుకుని రెండో అరచేత్తో గట్టిగా రుద్దాలి. వేడికి పొడి జిగురుగా మారుతుంది, లోపలున్న నూనె బయటికి వస్తుంది. అరచేతుల్ని దొప్పలా చేసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. మొదట సిమ్కో రుద్దాను. వాసన చాలా బాగా తెలుసు, పేరు మాత్రం నోటికి రాలేదు. అరగంట అదే ఆలోచన. మా ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "మామిడికాయ ముచ్చిక విరిస్తే కారే సొన" అంది. అంతే, అదే! ఆవకాయ రోజున కాయలు తుడుస్తుంటే వేళ్లకి అంటుకునే ఆ ఘాటు.

ఆవిడ బీరు తాగదు. కానీ ఈ ప్రాజెక్టులో అసలు ముక్కు ఆవిడదే అని ఆ రాత్రే తేలిపోయింది.

జనవరి 12, ఆదివారం

పుస్తకాల్లో ఉన్న మాటలు పక్కన పెట్టి పోపుల డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాను. ఇది సరదాకి చేసిన పని కాదు. హాప్స్ నూనెలో ఉండే పదార్థాలు చాలావరకు మన వంటింట్లోనూ ఉన్నాయి. మిర్సీన్ మామిడిలోనూ నిమ్మగడ్డిలోనూ ఉంటుంది. ధనియాల నూనెలో ప్రధానమైనది లినలూల్. మిరియాల్లో, లవంగాల్లో ఉండే క్యారియోఫిలీన్ హాప్స్‌లో కూడా ఉంది. గులాబీ వాసనకి కారణాల్లో ఒకటైన జెరానియాల్ కూడా. అంటే ఇంగ్లిషు చార్టుల్లో రాసే పైన్ చెట్టు జిగురూ, బ్లూబెర్రీ మనకి తెలియకపోయినా నష్టం లేదు. మన ముక్కులో నిల్వ ఉన్న వాసనలతోనే వాటిని పట్టుకోవచ్చు.

పచ్చి ధనియాలు రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, వెంటనే సాజ్ రుద్ది చూశాను. రెండూ ఒకటి కావు కానీ దగ్గరి చుట్టాలే. సాజ్‌లో ధనియం పక్కన ఎండుగడ్డి, కొంచెం మట్టి వాసన ఉంది. కాస్కేడ్‌కి పోలిక వెతకనే అక్కర్లేకపోయింది. అది పంపర పనస తొక్క. ఇక్కడివాళ్లు గ్రేప్‌ఫ్రూట్ అంటారు. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపర పనసకీ కమలాకీ కలిసిన సంకరం వల్ల కాబట్టి మన పోలిక ఇంకా మూలానికి దగ్గర.

ఇంత సేపూ వాసనే. రుచి సంగతి చూడాలి కదా. మొదటి ప్రయత్నం హాప్ టీ. ఒక గ్రాము పెల్లెట్లు, 200 మిల్లీలీటర్ల నీళ్లు, 70 డిగ్రీలు, పది నిమిషాలు. ఇంకో కప్పులో సలసల మరిగే నీళ్లు. చిటికెడు పంచదార కూడా వేశాను, బీరులో ఉండే తీపి కొంతైనా ఉంటుందని.

మరిగే నీళ్ల కప్పు ఒక్క గుక్కకే పక్కన పెట్టేశాను. వగరు. నాలుక మీద తుమ్మజిగురు పూసినట్టు. 70 డిగ్రీలది నయం, కానీ అందులోనూ పచ్చగడ్డి రుచే ముందుంది. పైగా వంటిల్లంతా ఘుమఘుమలాడింది, కప్పులో మాత్రం ఆ వాసన పావు వంతు కూడా లేదు. ఆలోచిస్తే కారణం తేలికే. సువాసన నూనెలు నీళ్లలో సరిగ్గా కరగవు, ఆవిరితో పాటు లేచిపోతాయి. గాల్లోకి పోయినదే మాకు ఘుమఘుమ.

బీరు కాచేవాళ్లు హాప్స్‌ని రెండు సార్లు వేసేదీ ఇందుకే. పువ్వు లోపల లుపులిన్ అనే పసుపు పచ్చని పొడి ఉంటుంది. ఆల్ఫా ఆమ్లాలూ నూనెలూ రెండూ అందులోనే. ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరిగితే రూపం మార్చుకుని చేదునిస్తాయి. ఆ గంటలో నూనెలు ఎగిరిపోతాయి. అందుకే చేదు కోసం మొదట్లో, వాసన కోసం చివర్లో వేస్తారు. పులిసిన తర్వాత చల్లటి బీరులో వేసి నానబెట్టడాన్ని డ్రై హాపింగ్ అంటారు. నేను వెతుకుతున్నది ఆ రుచి. టీ దాన్ని చూపించలేదు. టీ పద్ధతి ఇక్కడితో ఆపేస్తున్నా.

జనవరి 18, శనివారం

వారం క్రితం కాస్కేడ్‌ని ఓడ్కాలో నానబెట్టాను, 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు. ఇవాళ వడకట్టి, మామూలు లాగర్ బీరు (లేత రంగు, తేలిక రుచి ఉండే రకం) 120 మిల్లీలీటర్లు పోసుకుని డ్రాపర్‌తో కలుపుతూ వెళ్లాను. ఒక మిల్లీలీటరుకి ఏమీ తెలియలేదు. మూడుకి లీలగా తెలిసింది. ఏడు దాకా వచ్చేసరికి హాప్ తెలిసింది, దానితో పాటు ఓడ్కా మంట కూడా. లెక్క వేస్తే అర్థమైంది. మిల్లీలీటరుకి 0.05 గ్రాముల హాప్ మాత్రమే ఉంది. ఏడు మిల్లీలీటర్లు పోస్తే ఆ చిన్న గ్లాసులో ఆల్కహాలు దాదాపు రెండు శాతం పెరుగుతుంది. ఇంక దేని రుచి చూస్తున్నట్టు?

చిక్కగా చేద్దామని 50 మిల్లీలీటర్లలో 10 గ్రాములు వేశాను. పెల్లెట్లు స్పాంజిలా పీల్చేసుకుని ముద్దయ్యాయి, పిండితే 30 కూడా చేతికి రాలేదు. వచ్చింది చిక్కటి ఆకుపచ్చ రసం, గోరింటాకు నానబెట్టిన నీళ్ల రంగు. రెండు మిల్లీలీటర్లతో వాసన బాగానే వచ్చింది కానీ గొంతు దగ్గర గరుకు చేదు పట్టుకుని వదల్లేదు. ఆల్కహాలు నూనెతో పాటు జిగురుని, ఆకు పసరుని కూడా లాగేస్తోంది.

ఈ పద్ధతికి ఒక్క ఉపయోగం ఉంది. రెండు రకాల చుక్కల్ని కలిపి చూసి ఏ జోడీ కుదురుతుందో అప్పటికప్పుడు తెలుసుకోవచ్చు. ఒక్కో హాప్ గుణం తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు.

జనవరి 25, శనివారం

ఇవాళ్టిది నేను మొదటి నుంచీ ఎదురుచూసిన పద్ధతి. కొన్న బీరు సీసా మూత తీసి, అందులో హాప్స్ వేసి, మళ్లీ మూత బిగించడం. ఏ వాసనా లేని లేత లాగర్ కావాలి, అదే తెల్లటి అన్నం. దాని మీద ఏ కూర వేసుకున్నా ఆ కూర రుచే తెలుస్తుంది. సీసా గోధుమరంగుది అయి ఉండాలి, ఎందుకో తర్వాత చెప్తాను. మూత ఓపెనర్‌తో తీసేదిగా ఉండాలి. చేత్తో తిప్పి తీసే సీసాల మీద కొత్త మూత సరిగ్గా పట్టదు. మూతలు బిగించే క్యాపర్, వంద మూతల సంచి ఇంట్లో బీరు కాచేవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. తూకానికి బంగారం తూచే బుల్లి కాటా తీసుకున్నాను, 0.01 గ్రాము దాకా చూపిస్తుంది.

మొదటి సీసా: సిట్రా 1 గ్రాము. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, కాటా సరిచేసుకుని, కాగితం గరాటు చుట్టుకుని, లేబులు రాసుకుని, అప్పుడు వేశాను. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచాయి. పెల్లెట్లు బీరుని తాకిన మరుక్షణం నురుగు సీసా మెడలోంచి జానెడెత్తు లేచింది. గట్టు, కాటా, నా చొక్కా, కింద చాప అన్నీ తడిసిపోయాయి. సీసాలో మిగిలింది సగం.

ఎందుకిలా? బీరులో కార్బన్ డయాక్సైడు వాయువు ఒత్తిడితో కరిగి ఉంటుంది. బయటికి రావడానికి దానికి గరుకైన చోటు కావాలి. పొడిని నొక్కి చేసిన పెల్లెట్ మీద అలాంటి చోట్లు లక్షల్లో ఉంటాయి. బీరు ఎంత వెచ్చగా ఉంటే వాయువు అంత తొందరపడుతుంది.

నేల తుడుస్తుంటే మా ఆవిడ ఒకటే అంది: "నేల కూడా జామపండు వాసనేస్తోంది. దొరికింది కదా నీ సిట్రా!" చెప్పాలంటే ఆ రోజు దొరికిన అత్యంత కచ్చితమైన వివరణ అది. సిట్రా అంటే బాగా మగ్గిన జామ.

జనవరి 26, ఆదివారం

ఈసారి అన్నీ ముందే సిద్ధం. హాప్స్ తూచి చిన్న కాగితం పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. సీసాల్ని ఉప్పు కలిపిన ఐసు నీళ్లలో గంటసేపు ఉంచాను. ఒక్కో సీసా తీసి, మూత తెరిచి, రెండు చెంచాల బీరు వంచేసి, పొట్లం ఒక్కసారిగా ఒంపేసి, మూత పెట్టి బిగించాను. ఐదారు సెకన్లలో అయిపోవాలి. నురుగు మెడ దాకా వస్తుంది, అది రానివ్వాలి. నురుగు మీదే మూత పెడితే సీసాలో గాలికి చోటు ఉండదు. గాలి తగిలిన బీరు తడిసిన అట్టపెట్టె రుచికొస్తుంది కాబట్టి ఈ నురుగు మనకి మేలు చేసేదే.

ఐదు రకాలకి ఐదు సీసాలు. ఆరో సీసాలో ఏమీ వెయ్యలేదు. మూత తీసి రెండు చెంచాలు వంచి మళ్లీ బిగించానంతే. ఇది చాలా ముఖ్యం. మూత తీసి పెట్టడం వల్లే బీరు కొంత మారుతుంది. ఆ మార్పుని హాప్ రుచి అనుకోకుండా ఉండాలంటే పోల్చుకోవడానికి హాప్ వెయ్యని సీసా ఒకటి ఉండాలి.

పేలుతాయేమో అన్న టెన్షన్ మా బావమరిదికి. నాకు లేదు. కొన్న లాగర్ వడపోసి, వేడి చేసి సీసాలో నింపినది, అందులో బతికున్న ఈస్ట్ ఉండదు. మళ్లీ పులిసే ప్రమాదం లేదు. సీసాల్ని బీరువా అడుగున చీకట్లో మూడు రోజులు, తర్వాత ఫ్రిజ్‌లో ఉంచుతాను. రోజుకోసారి మెల్లగా తలకిందులు చేసి పెట్టాలి.

ఇంకో జాగ్రత్త, మా పక్కింటి కుక్క మా ఇంటికి చనువుగా వస్తుంటుంది కాబట్టి చెప్తున్నా. హాప్స్ కుక్కలకి విషం. ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదకి వస్తుంది. నానిన మడ్డి కూడా అంతే. మూత ఉన్న చెత్తడబ్బాలోనే వెయ్యాలి.

ఫిబ్రవరి 1, శనివారం

రుచుల రోజు. మా బావమరిది, వరంగల్ నుంచి వచ్చిన మా కొలీగు, నేను తాగడానికి. మా ఆవిడ వాసనకి. సీసాలు ఫ్రిజ్‌లో ఉండటంతో మడ్డి అడుగున ఆకుపచ్చ బురదలా పేరుకుంది. కదపకుండా వంచితే పైది తేటగానే వచ్చింది. ముందు హాప్ వెయ్యని సీసా రుచి చూశాం. కొంచెం చప్పబడింది తప్ప తేడా లేదు.

సాజ్‌తో మొదలుపెట్టాం, ఘాటు తక్కువది ముందు రావాలని. లాగర్‌లో అది వేసినట్టే అనిపించలేదు, లాగర్ ఇంకా లాగర్ అయింది. తెల్లన్నంలో నెయ్యి పడినట్టు. చాలా కాలంగా చెక్ లాగర్లని ఈ హాప్‌తోనే కాస్తున్నారు. ఎందుకో ఆ గుక్కలో తెలిసింది.

తర్వాత కాస్కేడ్. పంపర పనస తొక్క వాసన అలాగే నిలబడింది, దానికి ఏదో తెల్లపువ్వు వాసన తోడైంది. 1972లో బయటికి వచ్చిన రకమిది, పేరు ఇక్కడి కొండల వరస పేరే. మా ఇంటి ముందు రోడ్డు చివర నిలబడితే కనిపించే మంచుకొండలు అవే. అమెరికన్ పేల్ ఏల్ అనే రకం బీరు రుచికి పునాది వేసింది ఈ హాపే. సియెరా నెవాడా బీరు కంపెనీ వాళ్ల పేల్ ఏల్ తాగిన ప్రతివాడికీ ఇది తెలుసు, పేరు తెలియకపోవచ్చు.

సిట్రా గ్లాసులో వంచుతుండగానే గదిలో జామ. నోట్లో మాత్రం జామతో పాటు లిచీ, వెనక నిమ్మచెక్క. మా బావమరిది రెండో గ్లాసు అడిగాడు. "బావా, నాకు ఇదొక్కటి రాసిపెట్టు. మిగతావి నీకే" అన్నాడు.

సిమ్కోకి మళ్లీ మామిడి సొన. బీరులో అది ఇంకొంచెం అడవి వాసనకి తిరిగింది, వాన వెలిసిన తర్వాత దేవదారు చెట్ల కింద నడిచినట్టు.

గొడవ వచ్చింది మొజాయిక్ దగ్గర. నాకు మగ్గిన మామిడి, నేరేడు కలిసిన వాసన. మా కొలీగు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం ముడిచాడు. "అన్నా, నాకైతే ఉల్లిగడ్డ వాసనే వస్తున్నది" అన్నాడు. నేను మళ్లీ చూశాను. మామిడే. మా ఆవిడ చూసి, "రెండూ ఉన్నాయి. ముందు మామిడి, ఆగితే కోసిన ఉల్లిపాయ" అంది. ఆవిడ చెప్పాక నాకూ దొరికింది, ఇక ఆ తర్వాత ఎంత వెతికినా మామిడి ఒంటరిగా దొరకలేదు. హాప్స్‌లో గంధకం ఉన్న పదార్థాలు బహు కొద్దిగా ఉంటాయి. అవే పళ్ల వాసనకీ కారణం, అవే ఉల్లి వాసనకీ కారణం. మొజాయిక్‌లో ఈ ఉల్లి గుణం వస్తుందని బీరు కాచేవాళ్లకి బాగా తెలుసు. మనిషి మనిషికీ ఇవి అందే తీరు వేరు. ఒకడి ముక్కుతో రాసిన రుచుల పట్టిక ఇంకొకడికి ఎందుకు సరిపోదో ఇవాళ కళ్లారా చూశాను.

ఫిబ్రవరి 8, శనివారం

పేరు తెలిసి తాగితే నాలుక పేరునే తాగుతుంది. కాబట్టి గుడ్డి పరీక్ష. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకటే బీరు, మూడోదానిలో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. ఏమీ తెలియకుండా ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది. ఆరుగురిని పిలిచాను. ఆరుగురిలో కనీసం ఐదుగురు సరిగ్గా చెప్తేనే తేడా ఉందని నమ్మాలి, లెక్క ప్రకారం.

కాస్కేడ్, సిట్రా: ఆరుకి ఆరు. సిమ్కో, మొజాయిక్: నలుగురే. నలుగురంటే చాలా మందే అనిపిస్తుంది. కానీ అందరూ గుడ్డిగా చెప్పినా నలుగురికి, అంతకన్నా ఎక్కువమందికి తగిలే అవకాశం పదింట ఒకటి ఉంది. కాబట్టి తేడా ఉందని రాసుకోవడం లేదు. మొజాయిక్ సిమ్కో కూతురే, దాని సంకరం నుంచే పుట్టింది. ఆ పోలిక ఇక్కడ కనిపిస్తోందని నా అభిప్రాయం.

ఫిబ్రవరి 22, శనివారం

ఎంత వెయ్యాలి, ఎన్ని రోజులుంచాలి అన్నది మిగిలింది. సిట్రాతోనే చేశాను. 355 మిల్లీలీటర్ల సీసాలకి అర గ్రాము, 1, 2, 4 గ్రాములు, మూడేసి రోజులు.

అర గ్రాముకి వాసన వచ్చి పోతుంది. 1 గ్రాము చక్కగా ఉంది. 2 గ్రాములకి ఘాటు పెరిగింది కానీ రెట్టింపు కాలేదు. 4 గ్రాములది తాగలేం. జామ పోయి పసరు వచ్చింది, మింగాక గొంతులో పచ్చిమిరప తొడిమ కొరికినట్టు మంట. పోపులో ఇంగువ లాంటిదే ఇది, ఎక్కువైతే రుచి పెరగదు, వేరే పదార్థం అవుతుంది.

రోజుల సంగతి: ఒక్క రోజుకే ముప్పావు వంతు వాసన వచ్చేసింది. మూడు రోజులకి నిండింది. ఏడో రోజు సీసాలో గడ్డి రుచి మొదలైంది. నా వంటింటికి స్థిరపడిన కొలత ఇదీ: సీసాకి 1 గ్రాము, మూడు రోజులు, తర్వాత ఒక రాత్రి ఫ్రిజ్.

మార్చి 1, శనివారం

మూడు రోజులు కూడా ఆగలేనివాళ్ల కోసం కాఫీ ఫ్రెంచ్ ప్రెస్ పట్టుకున్నాను. చల్లటి బీరు ఒక సీసా, ఒకటిన్నర గ్రాము హాప్స్, పదిహేను నిమిషాలు, తర్వాత జాలీ కిందికి నొక్కి వంచడం. గ్యాసు సగం పోతుంది, బీరు మబ్బుగా ఉంటుంది. వాసన మాత్రం ఆశ్చర్యంగా దగ్గరగా ఉంది. స్నేహితులు వచ్చినప్పుడు ఒక గంటలో నాలుగు రకాలు చూపించాలంటే ఇదే మంచిది. వెడల్పు పాత్ర కాబట్టి నురుగు భయం కూడా తక్కువ. కాఫీ వాసన పోయేలా ప్రెస్‌ని సోడాతో కడగాలి, లేకపోతే సాజ్ లాంటి సున్నితమైనవి తెలియవు.

మార్చి 8, శనివారం

వారాల తర్వాత ఎండ వచ్చింది. గోధుమరంగు సీసా ఎందుకో చెప్తానన్నాను కదా. ఒకే బీరుని రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకటి పెరట్లో ఎండలో, ఇంకొకటి రేకు చుట్టి దాని పక్కనే పెట్టాను. పది నిమిషాలు. ఎండలోది ముక్కు దగ్గరికి తీసుకురాగానే రాత్రిళ్లు ఇక్కడి హైవే మీద కారుకింద పడ్డ స్కంక్ (కంపు ద్రవం చిమ్మే ఇక్కడి చిన్న జంతువు) వాసన. హాప్ చేదుని వెలుగు విరగ్గొడితే పుట్టే పదార్థం స్కంక్ చిమ్మే ద్రవంలోని వాటికి దగ్గరి బంధువు. చుక్కలో లక్షో వంతు కూడా అక్కర్లేదు, ముక్కు పట్టేస్తుంది. రేకు చుట్టినది మామూలుగానే ఉంది. గోధుమరంగు గాజు ఆ వెలుగుని చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చది అంతగా ఆపదు, తెల్లది అసలే ఆపదు.

ఏప్రిల్ 19, శనివారం

ఆరు వారాలు ఏమీ రాయలేదు, కాచిన బీరు పులుస్తూ ఉండింది. కొన్న లాగర్‌లో తెలిసిన రుచి, బతికున్న ఈస్ట్ ఉన్న బీరులో కూడా అలాగే ఉంటుందా అన్నది చివరి ప్రశ్న. ఒక గ్యాలన్ నీళ్లలో 450 గ్రాముల మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పొడి, చేదుకి కొద్దిగా కాస్కేడ్, అమెరికన్ ఏల్ ఈస్ట్. పులియడం సగంలో ఉండగానే నాలుగు చిన్న జాడీలుగా విడగొట్టి సాజ్ తప్ప మిగతా నాలుగూ వేశాను.

కాస్కేడ్‌లో మార్పు స్పష్టంగా ఉంది. లాగర్ సీసాలో పంపర పనస, పువ్వు. ఇందులో పువ్వు వెనక్కి వెళ్లి నిమ్మ ముందుకొచ్చింది. హాప్‌లోని జెరానియాల్‌ని ఈస్ట్ కొంతవరకు సిట్రొనెలోల్‌గా మారుస్తుంది, గులాబీ వైపు నుంచి నిమ్మ వైపుకి. పాలు ఒకటే అయినా తోడు వేశాక పెరుగు రుచి వేరైనట్టు. అంటే నా సీసా పద్ధతి హాప్ ముఖం చూపిస్తుంది, పులిసేటప్పుడు అది వేసే వేషం చూపించదు. ఇది తెలిసి వాడుకుంటే చాలు.

ఒక పొరపాటు జరిగింది. పులియడం ఆగిందనుకుని సిట్రా జాడీలోది ఒక గాజు సీసాలోకి, మిగిలింది సోడా వచ్చిన ప్లాస్టిక్ సీసాలోకి నింపాను. ఐదో రోజుకి ప్లాస్టిక్ సీసా రాయిలా గట్టిపడింది. హాప్స్‌లో ఉండే ఎంజైములు ఈస్ట్ తినలేని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, దాంతో ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ సీసా చేత్తో నొక్కి చూశాను కాబట్టి గాజు సీసా సంగతి తెలిసి, మందపాటి తువ్వాలు చుట్టి, మెల్లగా గ్యాసు వదిలేశాను. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ విషయంలో అస్సలు అశ్రద్ధ చెయ్యొద్దు. నింపే ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ సీసా తోడుగా ఉండాలి.

సెప్టెంబరు 6, శనివారం

కోతల కాలం. పొద్దున్నే బయల్దేరి కొండలు దాటి యాకిమా లోయకి వెళ్లాం, రెండున్నర గంటల దారి. మా వైపు తడి, పచ్చదనం. కనుమ దాటాక ఎండిన గోధుమరంగు కొండలు, రాయలసీమకి వచ్చినట్టే ఉంటుంది. ఆ ఎండకి, కాలవ నీళ్లకి హాప్స్ పండుతాయి. అమెరికాలో పండే హాప్స్‌లో నాలుగింట మూడు వంతులు ఈ లోయవే. పద్దెనిమిది అడుగుల గుంజలు, వాటి మీద ఇనప తీగలు, ఆ ఇనప తీగలకి కట్టిన తాళ్ల వెంట పాకిన హాప్ మొక్కలు. తమలపాకు తోటని మూడింతలు ఎత్తు చేస్తే ఎలా ఉంటుందో అలా. ఆ లోయలోని టాపెనిష్ ఊళ్లో హాప్ మ్యూజియం కూడా చూశాం, పాత కోత బుట్టలు, ఎండబెట్టే కొట్టాల ఫోటోలు ఉన్నాయి.

ఒక రైతు గట్టు మీద నిలబడి మాట్లాడుతూ రెండు పువ్వులు తెంపి ఇచ్చాడు. బొటనవేలంత పువ్వు, కాగితంలా పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి. నిలువుగా చీలిస్తే కాడ చుట్టూ లుపులిన్, గడప మీద పసుపు చిట్లినట్టు. వేలికి అంటి జిగురుగా సాగింది. ఎనిమిది నెలలు నేను గుళికల్లో చూసినదంతా ఈ పసుపే. మా ఆవిడ వాసన చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పచ్చి మామిడి పింది. సొన కాదు, పింది" అంది. రైతుని అడిగితే సిమ్కో అన్నాడు.

ఒక సంచి కొనుక్కుని తెచ్చుకున్నాం. పచ్చి పువ్వులో ఎక్కువ భాగం నీళ్లే, కాబట్టి ఒక గ్రాము పెల్లెట్ల స్థానంలో ఐదు గ్రాముల పువ్వులు కావాలి. అవి సీసా మెడలో పట్టవు. పైగా రెండు రోజులు ఆగితే లోపల వేడెక్కి పాడైపోతాయి. అందుకే రాత్రి పదకొండింటికి ఊరగాయ జాడీ ఖాళీ చేయించి, మూడుసార్లు సోడాతో కడిగి, ఐసు నీళ్లలో పెట్టాను. లాగర్ నాలుగు సీసాలు, పువ్వులు ఇరవై గ్రాములు. మూత బిగించాక మా బావమరిదికి ఫోన్ చేస్తే మంగళవారం రాత్రికి వస్తానన్నాడు.